సచివాలయం మెట్లెక్కే ముందు

1970ల చివరినాటికి బంగ్లాదేశ్‌లో ఎగుమతి చేసే రెడీమేడ్ దుస్తుల పరిశ్రమ దాదాపు లేదనే చెప్పాలి. దేశం పుట్టి పదేళ్లయినా కాలేదు. విదేశీ మారకానికి కటకట. చొక్కాలు కుట్టి అమెరికాకు అమ్ముదామంటే బట్ట బయటి నుంచే రావాలి. ఆ బట్టకు ముందుగా డాలర్లు కట్టాలి, రేవులో దిగాక సుంకం కట్టాలి. చేతిలో డబ్బున్న వ్యాపారి కూడా ఈ లెక్క చూసి వెనక్కి తగ్గేవాడు. అలాంటి రోజుల్లో నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వ కార్యదర్శి చిట్టగాంగ్‌లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ పెట్టి, 1978లో దక్షిణ కొరియాకు చెందిన దేవూతో ఒప్పందం చేసుకున్నారు. 130 మందిని ఎంపిక చేసి శిక్షణకు కొరియా పంపారు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలావరకు ఆ 130 మంది గురించే చెబుతారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఖాదర్ ప్రభుత్వాన్ని ఒప్పించి తెచ్చుకున్న రెండు ఏర్పాట్లు. ఒకటి బాండెడ్ వేర్‌హౌస్. ఎగుమతి కోసం తెచ్చిన బట్టను సుంకం కట్టకుండానే కస్టమ్స్ నిఘా ఉన్న గోదాములో పెట్టుకోవచ్చు, కుట్టి బయటికి పంపినంత మేరకు లెక్క చూపిస్తే చాలు. రెండోది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను బ్యాంకులో పెట్టి, దాని బలం మీదే బట్ట అమ్మేవాడి పేరిట ఇంకో ఎల్‌సీ తెరుస్తారు. చొక్కాల డబ్బు వచ్చాక బట్ట డబ్బు కడతారు. కొరియాలో ఇలాంటి పద్ధతులు అప్పటికే నడుస్తున్నాయి, దేవూ వాళ్లకు అలవాటైనవే. ఢాకాలో వాటిని నిబంధనలుగా రాయించడం ఖాదర్ చేసిన పని.

ఆయన తన ఒక్క కంపెనీకి సుంకం మాఫీ చేయమని అడిగి ఉండవచ్చు. పెద్ద పదవిలో పనిచేసిన మనిషి, తెలిసినవాళ్లు ఉన్నారు, దొరికేదేమో కూడా. అలా జరిగి ఉంటే బంగ్లాదేశ్‌లో ఒక మంచి చొక్కాల ఫ్యాక్టరీ ఉండేది, అంతే. కొరియా వెళ్లివచ్చిన వాళ్లలో చాలామంది కొన్నేళ్లలోనే దేశ్ గార్మెంట్స్ వదిలి సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, లేదా పోటీ కంపెనీల్లో చేరారు. వాళ్లకూ అదే గోదాము నిబంధన, అదే ఎల్‌సీ పద్ధతి అందుబాటులో ఉన్నాయి. ఈనాడు ఆ దేశపు ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే.

ఈ అధ్యాయంలో మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ప్రభుత్వం దగ్గరికి వెళ్లినప్పుడు మీ పోటీదారు కూడా వాడుకోగలిగే నిబంధన అడగండి. మీ ఒక్కరికే పనికొచ్చే మేలు అడగాలనిపిస్తే, ఆ కాగితాన్ని ఇంట్లోనే ఉంచి రండి.

ఇది త్యాగబుద్ధితో చెబుతున్న మాట కాదు. సంతకం పెట్టే అధికారి వైపు నుంచి ఆలోచించండి. ఒక్క కంపెనీ పేరున్న ఫైలు బల్ల మీదికి వస్తే, ఆ కంపెనీ కష్టం కంటే ముందు ఆయనకు వేరే ప్రశ్నలు గుర్తొస్తాయి. రేపు కాగ్ ఆడిట్‌లో ఇదొక పేరాగా వస్తుందా? ఎవరైనా హైకోర్టులో రిట్ వేస్తారా? ప్రభుత్వం మారాక విజిలెన్స్ వాళ్లు నా సంతకం చూపించి ‘ఎందుకు పెట్టారు’ అంటారా? ఇన్ని భయాల మధ్య ఆయనకు తోచే సురక్షితమైన మార్గం ‘మాట్లాడండి’ అని రాసి ఫైలును కిందికి పంపడం. అదే ఫైలులో ‘ఫలానా తరగతి పరిశ్రమలన్నిటికీ’ అన్న మాట ఉంటే ఆ భయాల్లో సగం పోతాయి. మిగతా సగం మీ లెక్కలు పోగొట్టాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మన హైదరాబాద్‌లోనే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. 1911 నాటి పేటెంట్ చట్టం కింద మందు అణువు మీదే పేటెంట్ దొరికేది. దానివల్ల ఆ మందును వేరే పద్ధతిలో తయారుచేసే తెలివితేటలు మనవాళ్లకు ఉన్నా ఉపయోగం లేదు. ధరలు విదేశీ కంపెనీల చేతిలో ఉండేవి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఈ పరిస్థితిని వివరంగా తేల్చి చెప్పింది. భారతీయ మందుల కంపెనీలు 1961లో సొంత సంఘం పెట్టుకున్నాయి. సిప్లాకు చెందిన యూసుఫ్ హమీద్ వంటివాళ్లు ఏళ్ల తరబడి ఢిల్లీలో వాదిస్తూనే వచ్చారు. 1970లో కొత్త పేటెంట్ చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ నుంచి అమలైంది. దాని కింద మందుల విషయంలో తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేవారు, మందుకు ఇచ్చేవారు కాదు. ఆ మార్పు ఏ ఒక్క కంపెనీ కోసమూ రాసింది కాదు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో రసాయనశాస్త్రం చేతికి పట్టుబడిన యువకులు దాన్ని అందిపుచ్చుకున్నారు. వాళ్లలో ఒకరైన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ప్రారంభించారు. చట్టం కోసం ఢిల్లీలో వాదించినప్పుడు హమీద్‌కు ఆ యువకులెవరో తెలిసే అవకాశమే లేదు. 2005లో ప్రపంచ వాణిజ్య ఒప్పందాల ప్రకారం మందుల మీద పేటెంట్లు మళ్లీ వచ్చేనాటికి, మన కంపెనీలు తట్టుకుని నిలబడే స్థాయికి ఎదిగాయి.

సరే, ఇవి దేశాల స్థాయి కథలు. మీరు జిల్లాలో ఒక యూనిట్ నడుపుతున్నారు, మీ సంఘానికి నలభై యాభై మంది సభ్యులున్నారు, సచివాలయంలో మీకు తెలిసినవాళ్లు లేరు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పాతిక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్లు ఉన్నాయనుకుందాం. కరెంటు రోజూ పోయి వస్తోంది. అందరూ కలిసి వినతి పత్రం రాస్తే సాధారణంగా ఇలా ఉంటుంది: ‘తరచూ విద్యుత్ అంతరాయాల వల్ల తీవ్ర నష్టాలు వాటిల్లుతున్నాయి, పరిశ్రమలు మూతపడే పరిస్థితి ఏర్పడింది, కావున తమరు దయతో తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన.’ కలెక్టర్ గారు దీన్ని విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్‌ఈ)కి పంపుతారు. ఎస్‌ఈ నుంచి అది డీఈకి, డీఈ నుంచి ఏడీఈకి వెళుతుంది. ‘సరఫరా సక్రమంగానే ఉంది’ అని కింది నుంచి జవాబు వస్తుంది. ఫైలు మూతపడుతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. మీరు పంపిన కాగితంలో ఎవరైనా చేయగలిగిన పని ఏదీ రాసి లేదు.

అదే పని ఇంకోలా చేయండి. ప్రతి యూనిట్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టించండి. తేదీ, ఏ 11 కేవీ ఫీడర్, కరెంటు పోయిన సమయం, వచ్చిన సమయం. దాని పక్కనే నష్టం. మౌల్డింగ్ మెషీన్‌లో కరెంటు పది నిమిషాలు పోతే పోయేది పది నిమిషాలు కాదు. బ్యారెల్‌లో కరిగి ఉన్న ప్లాస్టిక్ చల్లబడి బిగుసుకోవడం మొదలుపెడుతుంది. మళ్లీ హీటర్లు వేడెక్కాలి, పాత సరుకును పర్జ్ చేసి బయటికి నెట్టాలి, మొదట వచ్చిన కొన్ని పీసులు తీసి పక్కన పడేయాలి. సైజు, రంగు కుదిరాక గానీ మెషీన్ దారికి రాదు. ఆ పోయిన సమయాన్ని, పారేసిన కిలోలను రూపాయల్లో రాయండి. రెండు నెలల తర్వాత పాతిక పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. అంతరాయాలన్నీ సాయంత్రం ఒక వేళకే, పక్క ఊళ్ల లోడు అదే ఫీడర్ మీద పడినప్పుడే వస్తున్నాయని తేలవచ్చు. అలా తేలితే మీ కోరికే మారిపోతుంది. ‘తగు చర్యలు’ పోయి ‘ఎస్టేట్‌కు విడిగా ఒక ఫీడర్’ వస్తుంది. అది ఏడీఈ అంచనా వేయగలిగేది, ఎస్‌ఈ మంజూరుకు పంపగలిగేది. ఎవరు కాదన్నా కారణం రాయక తప్పదు.

ఇక్కడే ఇంకో మాట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఇండస్ట్రియల్ ఏరియాల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది ఐలా (ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ). వసూలైన దాంట్లో కొంత వాటా పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్లి, మిగతాది ఆ ఎస్టేట్ రోడ్లకు, డ్రెయిన్లకు, వీధి దీపాలకే ఖర్చు కావాలి. తాము కట్టే పన్ను తమ వీధిలోనే ఖర్చు కావాల్సిన ఏర్పాటు ఉందని చాలామంది యూనిట్ యజమానులకు తెలియదు. మీ ఐలా పద్దు ఎంత, నిరుడు దేనికి ఖర్చుపెట్టారు అని ఒక్కసారైనా అడిగారా? సచివాలయానికి వెళ్లే ముందు అడగాల్సింది అది.

పై స్థాయికి తీసుకెళ్లే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. ఒకసారి ఒక చిన్న పరిశ్రమల సంఘం వాళ్లతో కలిసి నేను ఒక సీనియర్ అధికారి గదిలో కూర్చున్నాను. సంఘం అధ్యక్షుడు శాలువా కప్పారు, బొకే ఇచ్చారు, ఫొటో అయింది. తర్వాత కొండవీటి చాంతాడంత కోరికల చిట్టా తీసి చదవడం మొదలుపెట్టారు. అధికారి ఓపిగ్గా విన్నారు. చివర్లో ఆమె అడిగింది ఒక్క ప్రశ్న. “ఇవన్నీ నిజమేనండీ. కాదనను. కానీ ఇందులో నేను మార్చగలిగింది ఏది? ఏ జీవోలో ఏ లైను?”

గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబే మీ పేజీలో మొదటి వాక్యం కావాలి. ఫలానా తేదీ జీవోలో, ఫలానా పేరాలో ఇప్పుడు ఇలా ఉంది, దాన్ని ఇలా మార్చాలి అని కొత్త వాక్యం మీరే రాసి ఇవ్వండి. అధికారి దాన్ని యథాతథంగా తీసుకోకపోవచ్చు, కానీ చర్చ ఆ వాక్యం చుట్టూ తిరుగుతుంది. దాని కింద ఈ మార్పు ఎన్ని యూనిట్లకు, ఎంతమంది పనివాళ్లకు వర్తిస్తుందో రాయండి. ఖజానా మీద పడే భారం ఎంతో మీరే చెప్పండి. భారం ఉన్నప్పుడు దాచితే ఆర్థిక శాఖ వాళ్లు మొదటి చూపులోనే పట్టుకుంటారు, ఆ తర్వాత మీ మిగతా అంకెలను కూడా ఎవరూ నమ్మరు. పక్క రాష్ట్రంలో ఇలాంటి నిబంధన ఉంటే దాని కాపీ జత చేయండి. తమిళనాడులోనో గుజరాత్‌లోనో నడుస్తున్నదాన్ని ఇక్కడ తేవడానికి అధికారికి కావాల్సిన ధైర్యం చాలా తక్కువ.

ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది. ఈ విషయంలో 2021 చివర్లో జరిగిన ఒక సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. బట్టల మీద, వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద జీఎస్టీని 5 నుంచి 12 శాతానికి పెంచుతూ, 2022 జనవరి 1 నుంచి అమలు చేసేలా నోటిఫికేషన్ వచ్చింది. రెండు రంగాల వ్యాపారులూ నిరసన తెలిపారు. డిసెంబరు 31న, ఇంకొన్ని గంటల్లో కొత్త రేటు అమల్లోకి రావాల్సి ఉండగా, జీఎస్టీ కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై బట్టల మీద పెంపును వాయిదా వేసింది. చెప్పుల మీద పెంపు మర్నాడు అమల్లోకి వచ్చేసింది. మళ్లీ 5 శాతానికి దిగడానికి 2025 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

చెప్పులవాళ్ల కష్టం తక్కువదేమీ కాదు. తేడా మరోచోట ఉంది. జీఎస్టీ రేటు తేల్చేది ఢిల్లీలోని ఏ ఒక్క మంత్రో కాదు. కౌన్సిల్‌లో కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు ప్రతి రాష్ట్రం నుంచీ ఒక మంత్రి కూర్చుంటారు. నేత, బట్టల వ్యాపారం సూరత్ నుంచి సిరిసిల్ల దాకా పరుచుకుని ఉంది కాబట్టి ఆ గొంతు చాలా రాష్ట్రాల నుంచి ఒకేసారి కౌన్సిల్‌కు చేరింది. గుజరాత్ అడిగింది, బెంగాల్ అడిగింది, తెలంగాణ మంత్రి లేఖ రాశారు. చెప్పుల పరిశ్రమ కొన్ని చోట్లే గుమిగూడి ఉంది, దాని తరఫున అన్ని రాష్ట్రాలు లేవలేదు. మీ సమస్య తేలే బల్ల ఏదో, ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారో ముందు కనుక్కోండి. మంత్రి గారి చేతిలో లేని విషయం మంత్రి గారికి చెప్పి, ఆయన ‘చూద్దాం’ అంటే సంబరపడి తిరిగొచ్చే సంఘాలను చాలా చూశాను. వాళ్ల ఓపిక, వాళ్ల రైలు చార్జీలు అన్నీ వృథా అవుతుంటే బాధగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా అంతే ముఖ్యం. బడ్జెట్ ప్రసంగం అయ్యాక టీవీలో అసంతృప్తి వ్యక్తం చేయడం తేలిక. ప్రసంగానికి నెలల ముందే ఆర్థిక శాఖ పరిశ్రమ సంఘాలను పిలిచి మాట్లాడుతుంది, సూచనలు తీసుకుంటుంది. ఆ సమయంలో మీ కాగితం మీ రాష్ట్ర చాంబర్ చేతిలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2014లో చేసుకున్న నిర్ణయం ప్రకారం ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజుల పాటు జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలి. అన్ని శాఖలూ దీన్ని పాటించడం లేదు. పాటించినప్పుడైనా మన జిల్లాల నుంచి రావాల్సినన్ని అభిప్రాయాలు రావడం లేదు. సంఘంలో ఒక మనిషికి ఈ ముసాయిదాలు చూసే పని అప్పగించండి, అవసరమైతే జీతం ఇచ్చి.

అన్నిటికంటే తక్కువగా వాడుకుంటున్న వేదిక మాత్రం విద్యుత్ నియంత్రణ కమిషన్. ఈ సంగతి కాస్త విడమరచి చెప్పాలి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, డిస్కంలు టారిఫ్ దరఖాస్తు పెట్టాక కమిషన్ జనం నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు పరిశీలించి, దరఖాస్తు అందిన 120 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలి. బహిరంగ విచారణలు జరుగుతాయి. ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు, లాయరు అక్కర్లేదు. మీరు రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే డిస్కం దానికి రాతపూర్వకంగానే జవాబివ్వాలి. ఆ తర్వాత వచ్చే టారిఫ్ ఆర్డర్ తెరిచి చూడండి. ఫలానావారి అభ్యంతరం, దానికి డిస్కం జవాబు, దాని మీద కమిషన్ అభిప్రాయం అన్నీ వరుసగా అచ్చై ఉంటాయి. ప్రభుత్వ యంత్రాంగంలో ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని ప్రశ్నకు ఇంత పద్ధతిగా జవాబు దొరికే చోటు మరొకటి నాకు తెలియదు. హైదరాబాద్‌లో 1917 నాటి చరిత్ర ఉన్న ఎఫ్‌టీసీసీఐ లాంటి చాంబర్లు ఏటా అక్కడ వాదిస్తాయి. కానీ చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు తీసే యూనిట్‌కు సీజన్ లేని నెలల్లో డిమాండ్ చార్జీలు ఎంత మోతగా ఉంటాయో పెద్ద నగరంలోని చాంబర్‌కు ఎలా తెలుస్తుంది? సీజనల్ పరిశ్రమలకు ఆఫ్ సీజన్‌లో చార్జీల లెక్క వేరుగా ఉండే నిబంధన టారిఫ్ ఆర్డర్లలో ఉంది. ఆ నిబంధన కిందికి ఎవరు వస్తారు, ఏ షరతులతో వస్తారు అన్నది తేలేది ఆ విచారణల్లోనే. మీ జిల్లా నుంచి ఇద్దరు వెళ్లండి, బిల్లులు పట్టుకుని వెళ్లండి.

సంఘం గురించి రెండు మాటలు. పెద్ద సభ్యుడి ప్రయోజనమూ చిన్న సభ్యుడి ప్రయోజనమూ ప్రతిసారీ ఒకటి కావు. 1988లో 38 కంపెనీలతో సాఫ్ట్‌వేర్ సంఘం నాస్‌కామ్ పుట్టడానికి అలాంటి కారణమే ఉంది. హార్డ్‌వేర్ తయారీదారులతో కలిసి ఒకే గూటిలో ఉంటే సాఫ్ట్‌వేర్ వాళ్ల అవసరాలు వినిపించేవి కావు. కంప్యూటరు దిగుమతి అనుమతి కోసం ఢిల్లీ చుట్టూ చెప్పులరిగేలా తిరగాల్సి వచ్చేదని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి చాలాసార్లు చెప్పారు. అప్పటి ఎలక్ట్రానిక్స్ శాఖ కార్యదర్శి ఎన్. విఠల్ ఈ కంపెనీలతో కూర్చుని విన్నారు. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐ వచ్చింది. సొంతంగా ఉపగ్రహ లింకు పెట్టుకునే స్తోమత లేని చిన్న కంపెనీలకు ఎర్త్ స్టేషన్ నుంచి డేటా లైను దొరికింది. తర్వాత అమెరికా దాకా వెళ్లిన మన తెలుగు పిల్లల ప్రయాణంలో ఈ ఏర్పాటుకు ఉన్న వాటా తక్కువది కాదు. కాబట్టి మీ సంఘంలో చిన్న యూనిట్ల కోరిక ప్రతిసారీ జాబితా అట్టడుగుకు జారిపోతుంటే, విడిగా కూర్చుని మాట్లాడుకోవడానికి వెనకాడకండి.

నిబంధన ఎలా రాయాలన్న విషయంలో చిన్న సప్లయర్ల బకాయిల కథ మంచి పాఠం. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదుకు కౌన్సిళ్లు, 2017 నుంచి సమాధాన్ పోర్టల్. చట్టం చదివితే చిన్నవాడికి కొండంత అండ అనిపిస్తుంది. కానీ ఫిర్యాదు చేయాల్సింది ఆ చిన్నవాడే, మరుసటి ఆర్డరు రావాల్సింది ఆ కొనుగోలుదారు నుంచే. అందుకే చాలామంది నోరు మెదపలేదు. 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) చేర్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి కట్టిన డబ్బును కట్టిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపించుకోవాలి. ఇప్పుడు సప్లయర్ ఫిర్యాదు చేయనక్కర్లేదు, కొనుగోలుదారు ఆడిటరే ‘మార్చి లోపు కట్టేయండి’ అని వెంటపడతాడు. దీనికీ ఇబ్బంది వచ్చింది. పెద్ద కంపెనీలు తమను వదిలేసి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర కొంటాయేమోనన్న భయం 2024లో సప్లయర్లలో పాకింది. అయినా పద్ధతి సరైనదని నా అభిప్రాయం. బలహీనుడు పోట్లాడాల్సిన అవసరం లేకుండా అమలయ్యే నిబంధన కోసం వెతకండి, అదే అడగండి.

తెలంగాణ 2014 టీఎస్ ఐపాస్ చట్టంలో కూడా ఈ గుణం ఉంది. పరిశ్రమల అనుమతులు ఇవ్వడానికి పెద్ద ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల గడువు. ఆలోగా నిర్ణయం రాకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఆలస్యం చేసిన అధికారికి జరిమానా. దరఖాస్తుదారు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. అయితే ఆ చట్టం పేరులోనే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఉంది. నిబంధనలు పాటిస్తున్నానని మీరే సంతకం పెడుతున్నారు. ఆ సంతకం బరువు చాలామంది గ్రహించడం లేదు.

తనిఖీలు తగ్గించమని అడగడం పరిశ్రమ సంఘాలకు అలవాటు. అడగండి, అనవసరమైన తనిఖీలు నిజంగానే ఉన్నాయి. కానీ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ ఆవిరి ఇళ్లలోకి పాకి నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణాలు తీసిన సంగతి మరచిపోయి మాత్రం అడగకండి. పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులు ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన తమ చెరువుల కోసం, బావుల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆర్థిక వృద్ధికి అనువైన పరిస్థితులు అన్నప్పుడు ఫ్యాక్టరీ గోడ అవతలి ఊరి నీళ్లు కూడా ఆ పరిస్థితుల్లో భాగమే. ఏ తనిఖీలు దండగో చెప్పే పేజీలోనే, ఏ తనిఖీ తప్పకుండా జరగాలో కూడా రాయండి. నా అనుభవంలో, ఆ రెండో జాబితా ఉన్న వినతి పత్రాన్ని అధికారులు చదివే తీరు వేరుగా ఉంటుంది.

ఇక చేయకూడనివి రెండే చెబుతాను. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే, ఏడేళ్ల దాకా జైలు. ఒత్తిడి చేసి తీసుకుంటే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ‘సంఘం ఖర్చుల’ పేరిట సభ్యుల నుంచి వసూలు చేసి ఎవరికో అందించడం అందరినీ ఒకే తాటికి కట్టి బావిలోకి దించడం. రెండోది, సంఘం సమావేశంలో ధరలు మాట్లాడుకోవడం. 2012 జూన్‌లో కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంట్ కంపెనీలకు, వాటి సంఘానికి కలిపి ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. ఆ కేసు తర్వాత ఎన్ని మలుపులు తిరిగినా, ప్రభుత్వంతో మాట్లాడటానికి పెట్టుకున్న సంఘం ధరల కూటమిగా కనిపిస్తే ఏమవుతుందో అందరికీ తెలిసింది. ఎజెండాలో ధర అన్న మాట రానివ్వకండి, మినిట్స్ తప్పకుండా రాయించండి.

జీవో వచ్చిన రోజు సంఘం ఆఫీసులో స్వీట్లు పంచుతారు, పేపర్లో ఫొటో వస్తుంది. అసలు శ్రమ ఆ తర్వాతే. జీవో కింద మార్గదర్శకాలు రావాలి, పోర్టల్‌లో కొత్త గడి చేర్చాలి, కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి కొత్త ఫారం గురించి తెలియాలి. మొదటి పది దరఖాస్తులు మీ సభ్యులవే పెట్టించి, ఎక్కడ ఆగుతున్నాయో రాసుకుని, ఆ ఆగిన చోటు గురించి మాత్రమే మళ్లీ వెళ్లి చెప్పండి. ఆరు నెలలయ్యాక ఆ శాఖకు ఇంకో పేజీ పంపండి. మార్పు వల్ల ఎన్ని యూనిట్లు లాభపడ్డాయి, ఎంతమందికి కొత్తగా పని దొరికింది, మీరు మొదట చెప్పిన అంకెలో ఎంత నిజమైంది, ఎంత కాలేదు. ‘ఇంతమందికి ఉద్యోగాలొస్తాయని చెప్పాం, అందులో సగమే వచ్చాయి, కారణం ఇది’ అని రాసి ఇచ్చే సంఘం చాలా అరుదు. తర్వాతి ఫైలు మీద మీ అంకెలకు ఆ ఒక్క పేజీ తెచ్చే నమ్మకం ఏ సిఫారసు ఉత్తరమూ తేలేదు. దాన్ని కార్యదర్శికి పంపేటప్పుడు ఒక కాపీ జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్‌కు కూడా పంపి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కార్యదర్శి బదిలీ కావచ్చు, ఆ కాగితం మాత్రం జిల్లా ఫైలులో ఉంటుంది.